సరుకు విమానమా, ప్రయాణికుల విమానమా: పైలట్ కావాలనుకునే మన పిల్లల ముందున్న దారులు

(ఉత్తర తెలంగాణ జిల్లాల ఇంటర్మీడియట్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం కరీంనగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 

డాక్టరు, ఇంజనీరు తప్ప మూడో మాట వినిపించని మన ఇండ్లలో ఇటీవల పైలట్ అనే మాట వినిపిస్తోంది. ఎం.పి.సి. చదివే పిల్లలు కొందరు ఆ కోరికను ధైర్యంగా బయటపెడుతున్నారు. ఇది సంతోషించదగిన మార్పు. దాని వెంటే ఇంకొక వాదన కూడా బయలుదేరింది. ఫోనులో వీడియోలు చూసిన పిల్లవాడు, "అబ్బా, ప్రయాణికుల విమానాల కంటే కార్గో విమానాలే నయమట. జీతం ఎక్కువట, ఉద్యోగం పోదట" అంటాడు. తండ్రికి ఆ మాట రుచించదు. "ఉన్నదంతా ఊడ్చి నిన్ను చదివిస్తే చివరికి ఆకాశంలో లారీ తోలతావా?" అని ఆయన ప్రశ్న. ఈ రెండు మాటలనూ నేను ఒకటి కాదు, నాలుగైదు ఇండ్లలో విన్నాను. నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నదీ దీని గురించే.

నేను విమానం నడిపినవాడిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని. నిబంధనలను చదవడం, లెక్క సరిచూడడం, కాగితం ఎక్కడ ఆగిందో కనిపెట్టడం నాకు వచ్చిన విద్యలు. ఆ కళ్ళతోనే ఈ విషయాన్ని చూశాను.

ముందుగా ఆ లారీ మాటను పరిశీలిద్దాం. లారీ తోలి, లారీలు బాగు చేసి, పిల్లలను డిగ్రీల దాకా చదివించిన తండ్రులు ఈ సభలోనే ఉన్నారు. కనుక ఆ మాటను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. చరిత్ర చూసినా, మన దేశపు విమానయానం మొదలైనది మనుషులను మోయడానికి కాదు, సరుకు మోయడానికే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుండి యమునకు ఆవలనున్న నైనీకి ఒక ఫ్రెంచి పైలట్ సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశాడు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి స్వయంగా విమానం నడుపుకొని వచ్చినప్పుడు అందులో ఉన్నది తపాలా సంచి. ఆ సంస్థే తరువాతి కాలంలో ఎయిరిండియా అయింది.

ఆదిలాబాద్‌వారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 1949లో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుండి నాలుగు విమానాలు రాత్రి బయలుదేరి నాగపూర్‌లో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకొని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. నేటి కొరియర్ విమానాలు చేస్తున్నది ఇంచుమించు ఇదే పని. ఆదిలాబాద్‌వారు వైద్యానికీ, వ్యాపారానికీ హైదరాబాద్ కంటే ముందు తలచుకునేది నాగపూర్‌నే కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

మన ప్రాంతానికి విమానం కొత్త కాదు కూడా. హైదరాబాద్ సంస్థానంలో 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. నిజాం ప్రభుత్వానికీ, టాటాలకూ అందులో భాగం ఉండేది. మహిళ అన్న కారణంగా పలు సంస్థలు తిప్పి పంపిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో పైలట్ ఉద్యోగం ఇచ్చినది ఈ హైదరాబాద్ సంస్థే. 1953లో జాతీయీకరణ జరిగినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇక బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం పక్కన రన్‌వేపై ఒకప్పుడు వాయుదూత్ చిన్న విమానాలు దిగేవని రామగుండం వైపు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి విమానాశ్రయ స్థలం దశాబ్దాలుగా పడావుగా ఉన్నది. అక్కడ పౌర విమానాలకు కూడా అవకాశమిస్తూ 2025లో రక్షణ శాఖ అనుమతి తెలిపింది. అది ఎప్పటికి పూర్తవుతుందన్నది వేరే చర్చ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సరుకు విమానానికి ఒక లైసెన్సు, ప్రయాణికుల విమానానికి ఇంకొక లైసెన్సు లేవు. చాలా కుటుంబాలకు తెలియనిది ఇదే. పన్నెండో తరగతిలో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. అవి లేనివారు ఓపెన్ స్కూలు ద్వారా ఆ రెండు సబ్జెక్టులు పూర్తి చేసుకోవచ్చు. పద్దెనిమిదేండ్లు నిండాలి. మొదట రెండో తరగతి వైద్య పరీక్ష, ఆ తరువాత ఒకటో తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన నిబంధనలు, సాంకేతిక విషయాల్లో డి.జి.సి.ఎ. రాత పరీక్షలు, దానితోపాటు రేడియో పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. 200 గంటలు విమానం నడపాలి. అప్పుడు కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వస్తుంది. దానితో మందులు మోయవచ్చు, మనుషులనూ మోయవచ్చు.

తేడా వచ్చేది లైసెన్సు తరువాతి మెట్టు దగ్గర. ఒక్కొక్క రకం పెద్ద విమానానికి విడిగా శిక్షణ ఉంటుంది, దానిని టైప్ రేటింగ్ అంటారు. ఎయిర్‌బస్ 320 కుటుంబానికి ఒకటి, బోయింగ్ 737కు ఇంకొకటి. ఇక్కడ కూడా సరుకా, మనుషులా అన్న విభజన లేదు. ఇండిగో ప్రయాణికుల విమానాల్లో అత్యధికం ఎయిర్‌బస్ 320 కుటుంబానివి. 2022 నుండి ఆ సంస్థ నడుపుతున్న సరుకు విమానాలు కూడా ఆ కుటుంబంలోని 321లే. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ ఎయిర్, స్పైస్‌జెట్ బోయింగ్ 737లలో మనుషులను తీసుకెళతాయి. అదే 737ను బ్లూ డార్ట్ సరుకులకు వాడుతుంది. అమెజాన్ 2023 జనవరిలో హైదరాబాద్ నుండి మొదలుపెట్టిన సరుకు సేవకు క్విక్‌జెట్ సంస్థ నడిపినదీ 737లనే. కనుక ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లవాడు సరుకా, ప్రయాణికులా అని ఈనాడే తేల్చుకోవలసిన అగత్యం లేదు. దాని కోసం ఇంట్లో అన్నం దగ్గర అలిగి లేచిపోవలసిన అవసరం అంతకన్నా లేదు.

అయినా ఏదో ఒక రోజు ఎంపిక చేసుకోవలసి వస్తుంది. అందుకు ఏది ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి.

మన దేశం లెక్క ముందు చూడండి. ఇండిగో ఒక్క సంస్థకే నాలుగు వందలకు పైగా విమానాలున్నాయి. ప్రత్యేకించి సరుకుల కోసమే తిరిగే పెద్ద విమానాలు దేశం మొత్తం మీద ఇరవై చుట్టుపక్కలే. 1996 నుండి నిలకడగా నడుస్తున్న బ్లూ డార్ట్ విమాన సంస్థ దగ్గర కూడా వాటి సంఖ్య పది లోపే. మరి మన దేశంలో విమానంలో వెళ్ళే సరుకంతా ఎక్కడ వెళుతోంది? చాలావరకు ప్రయాణికుల విమానం పొట్టలో, మన సూట్‌కేసుల పక్కన. ప్రపంచం మొత్తం మీద కూడా విమాన సరుకులో ఇంచుమించు సగం అలాగే వెళుతుంది. శంషాబాద్ నుండి మందులు అలాగే వెళతాయి, దుబాయి, దోహాలకు కూరగాయలు అలాగే వెళతాయి.

ఆ పొట్టలోనే మనవారి శవపేటికలు కూడా వస్తాయి. గల్ఫ్‌లో మరణించిన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ కూలీల మృతదేహాలను అందుకోవడానికి కుటుంబాల వెంట శంషాబాద్ కార్గో టెర్మినల్‌కు నేను పలుమార్లు వెళ్ళాను. హిందువు, ముస్లిం అన్న తేడా అక్కడ ఎవరూ అడగరు. రసీదు మీద బరువు కిలోల్లో రాసి ఉంటుంది. పైన సీట్లలో కూర్చుని వచ్చినవారికి తమ కాళ్ళ కింద ఎవరు వచ్చారో తెలియదు. కెప్టెన్‌కు ఇచ్చే ప్రత్యేక సరుకుల కాగితంలో మాత్రం అది నమోదై ఉంటుంది. ప్రయాణికుల విమానం నడిపే పైలట్ కూడా ప్రతిరోజూ సరుకు పైలటేనని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం నాకు తోచలేదు.

అంటే ఏమిటి? మన దేశంలో కొత్తగా లైసెన్సు పొందిన యువకుడికి మొదట తెరుచుకునే తలుపు ఎక్కువ సందర్భాల్లో ప్రయాణికుల సంస్థదే. సరుకు సంస్థలో ఖాళీలు అరుదుగా వస్తాయి. చేరిన తరువాత కూడా విమానాలు తక్కువ గనుక, ఫస్ట్ ఆఫీసర్ కెప్టెన్ కావాలంటే పైవారు పదవీ విరమణ చేసేదాకా ఆగవలసి రావచ్చు. పైలట్‌కు మన దేశంలో విరమణ వయసు 65. పెరుగుతున్న ప్రయాణికుల సంస్థలో ఆ నిరీక్షణ తక్కువ. ఆఫీసులో సీనియారిటీ జాబితా చూసుకుని ఏండ్లు లెక్కపెట్టినవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

మరి "కార్గో ఉద్యోగం పోదు" అన్న మాటలో నిజమెంత? కొంత ఉంది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. గో ఫస్ట్ 2023 మే నెలలో నేలకు దిగింది. ఆ మూడూ ప్రయాణికుల సంస్థలే, ఆ మూడింటిలోనూ ఉద్యోగులు జీతం బకాయిల కోసం తిరిగారు. కరోనా కాలంలో 2020 మార్చి 25 నుండి రెండు నెలల పాటు దేశీయ ప్రయాణికుల విమానాలు పూర్తిగా నిలిచిపోయాయి, పైలట్ల జీతాలు కోసివేశారు. సరుకు విమానాలకు మాత్రం ఆ రోజుల్లో చేతినిండా పని. ఇక్కడికి పిల్లవాడి వాదన గెలిచింది.

కాని ఆ వీడియోలు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. చవక విమానయానానికి దారి చూపిన కెప్టెన్ గోపీనాథ్ 2009లో డెక్కన్ 360 అనే సరుకు సంస్థను ప్రారంభించారు. దాని కేంద్రం కూడా నాగపూరే. రెండేండ్లకే, 2011లో అది మూతపడింది. దేశంలో ఇంకా కొన్ని సరుకు సంస్థలు వచ్చినంత తొందరగానే పోయాయి. కనుక బోర్డు మీద కార్గో అన్న పదం చూసి నమ్మకం పెట్టుకోవద్దు. ఆ సంస్థ ఎన్నేండ్లుగా నడుస్తోంది, విమానాలు ఎన్ని, నెలనెలా జీతం సమయానికి అందుతున్నదా అని అక్కడ పనిచేస్తున్నవారిని అడగండి. మనం సంబంధం కుదుర్చుకునేటప్పుడు మూడు వీధుల అవతల దాకా వెళ్ళి విచారిస్తాం కదా, ఆ మాత్రం విచారణ దీనికీ చేయాలి.

జీతం విషయంలో ఫోనులో కనిపించే అంకెలు చాలావరకు అమెరికాలోని ఫెడెక్స్, యు.పి.ఎస్. సంస్థలవి. అక్కడ పనిచేసే చట్టబద్ధమైన హక్కు, అక్కడి లైసెన్సు లేనివారికి ఆ అంకెలతో సంబంధం లేదు. గల్ఫ్‌లో ఎమిరేట్స్‌కు, ఖతార్ ఎయిర్‌వేస్‌కు పెద్ద సరుకు విమానాలున్న మాట నిజమే. వారికి కావలసినది వేల గంటలు నడిపిన అనుభవం. ఇక్కడ ప్రయాణికుల విమానంలో గంటలు సంపాదించి, 1,500 గంటల తరువాత లభించే పై లైసెన్సు కూడా చేత పట్టుకొని, అప్పుడు అటు చూడవచ్చు. మన తాతలు, తండ్రులు కూలి వీసాల మీద వెళ్ళిన దేశానికే పిల్లవాడు కాక్‌పిట్‌లో వెళ్ళడం మంచి కోరిక. దానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

తరువాతది నిద్ర సంగతి. జీతం గురించి పది ప్రశ్నలు వేసే తల్లిదండ్రులు దీని గురించి ఒక్కటీ అడగరు. నా దృష్టిలో సరుకు, ప్రయాణికుల ఉద్యోగాల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

సాయంత్రం దుకాణంలో కట్టిన పొట్లం తెల్లవారేసరికి ఇంకో నగరంలో ఉండాలి. అందుకే కొరియర్ విమానం రాత్రి తిరుగుతుంది. ఊరంతా నిద్రించే వేళ పైలట్ మేలుకొని ఉండాలి, ఊరు మేల్కొన్నాక హోటల్ గదిలో తెర వేసుకొని నిద్రపోవాలి. సింగరేణిలో రాత్రి షిఫ్టు చేసిన కుటుంబాలు గోదావరిఖని నుండి, బెల్లంపల్లి నుండి ఇక్కడికి వచ్చాయి. పగటి నిద్ర ఎంతవరకు నిద్రో వారిని అడగండి. కొందరి శరీరానికి అది సరిపడుతుంది. ప్రయాణికుల రద్దీ ఉండదు, సెలవులు కలిపి దొరుకుతాయి, పని ప్రశాంతంగా ఉంటుందని ఇష్టపడేవారూ ఉన్నారు. కొందరికి మాత్రం ఎన్నేండ్లు గడిచినా అలవాటు పడదు.

2013 ఆగస్టు 14న అమెరికాలో యు.పి.ఎస్. సరుకు విమానం ఒకటి తెల్లవారుజామున బర్మింగ్‌హామ్ నగరంలో దిగుతూ రన్‌వేకు ముందే కూలింది. ఇద్దరు పైలట్లూ మరణించారు. విచారణలో బయటపడిన అంశాల్లో అలసట కూడా ఒకటి. పైలట్లకు విశ్రాంతి పెంచుతూ అమెరికా ప్రభుత్వం అప్పటికే కొత్త నిబంధనలు రాసి పెట్టింది. అవి 2014 జనవరిలో అమలులోకి వచ్చాయి, కాని ప్రయాణికుల విమానాలకు మాత్రమే. ఖర్చు పెరుగుతుందన్న లెక్కతో సరుకు సంస్థలను ముందే మినహాయించారు. ఆకాశం ఒకటే, రాత్రి ఒకటే, మనిషి శరీరం ఒకటే. వెనుక కూర్చున్నది మనుషులా, డబ్బాలా అన్నదాన్ని బట్టి పైలట్ నిద్రకు విలువ కట్టారు. సరుకు పైలట్ల సంఘాలు ఆ మినహాయింపును తీసివేయాలని నేటికీ పోరాడుతున్నాయి. హక్కుల గురించి రాసే పత్రిక చదివేవారికి ఈ పోరాటం అర్థమవుతుందని నా నమ్మకం.

సరుకులో ఉండే ప్రమాదం కూడా తెలియాలి. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుండి బయలుదేరిన యు.పి.ఎస్. జంబో విమానంలో మంటలు చెలరేగాయి. అందులో వేలాది లిథియం బ్యాటరీలున్నాయి. ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ సరుకు ఎక్కుతోందో తెలుసుకునే కాగితాన్ని పైలట్ ఎంత శ్రద్ధగా చదవాలో చెప్పడానికి చెబుతున్నాను.

ప్రయాణికుల ఉద్యోగంలో అలసట లేదా అంటే, పుష్కలంగా ఉంది. ఒకే రోజు నాలుగు సార్లు ఎక్కి దిగడం, ఆలస్యాలు, తెల్లవారుజాము పిలుపులు. మన దేశంలో డి.జి.సి.ఎ. 2024 జనవరిలో నిబంధనలు సవరించి వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48కి పెంచింది, రాత్రి దిగే సంఖ్యను తగ్గించింది. అమలు పలుమార్లు వాయిదా పడి 2025లో రెండు విడతలుగా వచ్చింది. రెండో విడత అమలైన వెంటనే డిసెంబరు తొలి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. విశ్రాంతి ఇవ్వడానికి తగినంతమంది పైలట్లను ముందుగా చేర్చుకోకపోతే ఏమవుతుందో దేశమంతా చూసింది. మీ పిల్లలకు ఉద్యోగం ఇస్తామన్న సంస్థ ఏదైనా సరే, మొదటి ప్రశ్న ఇదే కావాలి: నెలలో ఎన్ని రాత్రులు, వరుసగా ఎన్ని రాత్రులు, వాటి తరువాత ఎంత విశ్రాంతి?

ఆడపిల్లల తల్లిదండ్రులు ఒక మాట అడిగారు. "సరుకు విమానమైతే నలుగురి కంట పడకుండా ఉద్యోగం చేసుకోవచ్చు కదా?" అని. ఇందులో ఒక పొరపాటు ఊహ ఉంది. ప్రయాణికుల విమానంలో కూడా కాక్‌పిట్ తలుపు లోపలి నుండి గడియ వేసే ఉంటుంది. పైలట్‌కు, ప్రయాణికులకు మధ్య మాటలు మైకులోనే. పైగా సరుకు ఉద్యోగంలో అర్ధరాత్రి రాకపోకలు ఎక్కువ. కనుక అమ్మాయి భద్రత పేరు చెప్పి సరుకు వైపు నెట్టకండి. ఆమెకు ఏది సరిపడుతుందో ఆమెనే తేల్చుకోనివ్వండి.

రంజాన్ ఉపవాసాల గురించి కూడా ఒక చీటీ వచ్చింది. ప్రయాణంలో ఉన్నవారికి ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది. ఇతరుల ప్రాణాలు చేతిలో ఉన్నప్పుడు దానిని వినియోగించుకోవడంలో సంకోచమెందుకు? వివరాలు ఉలమాలను అడగండి, అది నా పరిధి కాదు.

ఇక డబ్బు. మన దేశంలో లైసెన్సు దాకా శిక్షణకు స్థూలంగా 45 నుండి 60 లక్షలు, ఆపైన టైప్ రేటింగ్‌కు 15 నుండి 20 లక్షలు లేదా అంతకు మించి. కొన్ని విమాన సంస్థలు తామే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే కార్యక్రమాల ఖర్చు కోటి దాటుతుంది. మొత్తం 70 లక్షలు అనుకుందాం. గల్ఫ్ నుండి నెలకు 30 వేలు ఇంటికి పంపగలిగే తండ్రి ఆ సొమ్మును ఒక్క రూపాయి ముట్టకుండా దాచినా పందొమ్మిదేండ్లు దాటుతుంది. బ్యాంకు నుండి 50 లక్షలు పది శాతం వడ్డీకి పదేండ్ల గడువుతో తెచ్చారనుకోండి, నెలకు కట్టవలసినది దాదాపు 66 వేలు. పదేండ్లకు కట్టేది 79 లక్షల పైచిలుకు. వడ్డీ రుణం ముట్టకూడదని నిశ్చయించుకున్న కుటుంబాలకు దారి ఇంకా ఇరుకు.

అందుకే ఎంపిక ప్రశ్నను నేను అప్పుతో ముడిపెట్టి చూస్తాను. అప్పు నెత్తిన ఉన్న పిల్లవాడు మొదట వచ్చిన నమ్మకమైన ఉద్యోగంలో చేరాలి. అది ప్రయాణికులదైనా, సరుకుదైనా. అప్పు తీరి, గంటలు పెరిగి, తన శరీరం రాత్రులను ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలిశాక అసలు ఎంపిక చేసుకోవచ్చు. ఇరవై రెండేండ్ల వయసులో చేరిన చోటనే అరవై ఐదు దాకా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

రుసుము కట్టే ముందే ఒకటో తరగతి వైద్య పరీక్ష పూర్తి చేయించండి. కళ్ళద్దాలు అడ్డు కావు, రంగులను గుర్తించడంలో లోపం మాత్రం అడ్డవుతుంది. ఇల్లు అమ్మి డబ్బు కట్టిన తరువాత ఆ సంగతి తెలియడం కంటే దురదృష్టం ఉండదు. శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు ప్రకటనలు చూడకండి. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయో, నిరుడు చేరినవారు ఎన్ని నెలల్లో 200 గంటలు పూర్తి చేశారో అడగండి. ప్రభుత్వ రంగంలో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ అకాడమీకి ప్రవేశ పరీక్ష ఉంటుంది, దానికి మన పిల్లలు తప్పక కూర్చోవాలి. హైదరాబాద్‌లో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉన్నది.

ఆ అకాడమీ పేరు ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్నప్పుడు అందులో చదివిన సయ్యదా సల్వా ఫాతిమా గురించి మీలో చాలామంది పత్రికల్లో చదివారు. హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి, తండ్రి బేకరీలో పనివారు. సియాసత్ పత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ ఆమె చదువుకు అండగా నిలిచారు. 2013లో లైసెన్సు వచ్చింది. లైసెన్సు వచ్చినా, రెండు ఇంజన్ల విమానపు శిక్షణకు, టైప్ రేటింగ్‌కు డబ్బు లేక ఆగవలసి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం సుమారు 36 లక్షల రూపాయలు మంజూరు చేశాకనే ఆ మెట్టు దాటగలిగింది. అటుపైన ఆమె ప్రయాణికుల విమాన సంస్థలో పైలట్ అయింది. లైసెన్సుకు, ఉద్యోగానికి మధ్య ఎంత పెద్ద గుంత ఉందో ఆమె ఉదంతంలో చూడండి. ప్రతిభ లేక కాదు ఆమె ఆగింది.

ఆ మంజూరు చేసిన ప్రభుత్వాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ప్రత్యేక మంజూరు వేరు, పథకం వేరు అని గుమాస్తాగా నాకు తెలుసు. ప్రత్యేక మంజూరు ఒక్క మనిషి పేరు మీద వస్తుంది, ఆ ఫైలు మూసేయగానే దాని ఆయుష్షు తీరుతుంది. రెండో అమ్మాయి వస్తే, "దీనికి నిబంధన ఎక్కడుంది?" అని నోటు రాస్తారు. అలాంటి నోట్లు నేనూ చాలా చూశాను. పథకమైతే బడ్జెట్‌లో దానికొక పద్దు ఉంటుంది, అర్హతలు ఉంటాయి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు చేసుకోవచ్చు. పెద్దల పరిచయం లేని కాగజ్‌నగర్ పిల్లవాడికి పనికివచ్చేది రెండోదే.

ఉన్న పథకాలు ఈ చదువుకు సరిపడవు. ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు; అది విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదువులకు. పైలట్ శిక్షణ ఆ కోవలోకి రాదు. జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ విద్యా రుణం దేశంలో చదువుకు 20 లక్షల దాకా, విదేశంలో 30 లక్షల దాకా ఉంది. దానికి వడ్డీ తక్కువే, కాని మొత్తం ఖర్చులో అది మూడో వంతుకు అటూ ఇటూ. విదేశీ చదువుల రుణాలపై వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. మన గురుకులాల్లో ఎం.పి.సి. చదువుతున్న పిల్లలు ప్రతి ఏడాది బయటికి వస్తున్నారు. వారిలో ఏడాదికి కొందరికైనా లైసెన్సు నుండి టైప్ రేటింగ్ దాకా ఖర్చు భరించి, ఉద్యోగం వచ్చాక జీతంలో నుండి వడ్డీ లేకుండా వసూలు చేసుకునే పథకం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సల్వా ఫాతిమా విషయంలో ప్రభుత్వం ఒకసారి చేసి చూపించినదే ఇది.

దీనిపై ఒక వినతిపత్రం సిద్ధం చేశాం. ప్రతులు ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి. కరీంనగర్‌వారు కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌వారు ఆదిలాబాద్‌లో, ఎవరి జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి వారు సమర్పించాలి. అన్నీ ఒకే చోట ఇస్తే ఒక్క ఫైలులో కలిపి కట్టేస్తారు. సంతకం పెట్టి ఇచ్చి వచ్చేయకండి. రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆ నంబరుతోనే సమాచార హక్కు దరఖాస్తు వేద్దాం, దాని నమూనా కూడా అదే బల్ల మీద ఉంది. వైద్య పరీక్ష గురించి సందేహాలున్న పిల్లలు భోజనం తరువాత ఇక్కడే ఉండండి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను.